భూకంపం తర్వాత పాత కట్టడం: సున్నమా, సిమెంటా, ఇనుప కడ్డీలా, విప్పి మళ్ళీ కట్టడమా?

2024 డిసెంబర్ 4న పొద్దున్నే ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కూడా ఫ్యాన్లు ఊగాయి, గిన్నెలు కదిలాయి, చాలామంది మెట్లు దిగి రోడ్డు మీదకొచ్చారు. అప్పటి నుంచి పాత ఇళ్ళున్న వాళ్ళ దగ్గర ఒకటే మాట వినపడుతోంది. గోడకి నెర్రె కనిపిస్తోంది, మేస్త్రీ సిమెంట్ కొట్టేద్దామంటాడు, కాంట్రాక్టర్ చుట్టూ కాంక్రీట్ బెల్ట్ వేద్దామంటాడు, తమ్ముడేమో పడగొట్టి బిల్డర్‌కి ఇచ్చేద్దామంటాడు, ఏది కరెక్ట్ అని. ముగ్గురూ ఒక్కో సందర్భంలో కరెక్టే అవుతారు, కానీ ఎవరి మాట వినాలో తేల్చేది ఆ నెర్రె, మన బడ్జెట్ కాదు.

ఇది పిల్లర్లు, బీములు, స్లాబులతో కట్టిన ఇళ్ళ గురించి కాదు. సున్నంతో, రాయితో, ఇటుకతో, టేకు దూలాలతో కట్టిన పాతవాటి గురించి. పాతబస్తీ దేవిడీలు (నవాబుల కాలం నాటి పెద్ద భవంతులు), సుల్తాన్ బజార్, బేగంబజార్ వైపు ఇళ్ళు, సికింద్రాబాద్‌లో రైలు పట్టాల మీద ఇటుక ఆర్చీలు పరిచిన మిద్దెలు, ఊళ్ళో గుడి మండపాలు, చర్చిలు, మసీదులు, కమిటీ చేతిలో ఉన్న వందేళ్ళ స్కూల్ బిల్డింగులు, ఇలాంటివన్నమాట.

ముందు మన రిస్క్ ఎంతో చూద్దాం, లేకపోతే భయంతో అనవసరంగా ఖర్చు పెడతాం. హైదరాబాద్ చాలాకాలంగా దేశ భూకంప కోడ్ ప్రకారం జోన్ 2, అంటే దేశంలో తక్కువ ప్రమాదం ఉన్న కోవ. కానీ తక్కువంటే సున్నా కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది, 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున లాతూర్ జిల్లా కిల్లారిలో 6.2 వచ్చి దాదాపు పది వేల మంది పోయారు, అక్కడ అంత పెద్దది వస్తుందని అంతకుముందు ఎవరూ పెద్దగా అనుకోలేదు. దీన్నిబట్టి నేను అనుకునేది ఏంటంటే, మన ఊళ్ళో పాత కట్టడానికి అసలు శత్రువు నీళ్ళు, భూకంపం వచ్చి ఆ నీళ్ళు చేసిన నష్టాన్ని బయటపెడుతుంది అంతే. పైకప్పు కారి దూలం చివర కుళ్ళిపోయి ఉంటుంది, గోడలో సున్నం కరిగి ఖాళీ అయి ఉంటుంది, చిన్న కుదుపుకే తెరుచుకుంటుంది. 2019 మేలో భూకంపం ఏమీ లేకుండానే చార్మినార్ మినారు నుంచి గచ్చు (గోడ మీది సున్నపు పూత) పెచ్చు ఊడి కిందపడింది గుర్తుందిగా. అందుకని 2001లో పెద్ద భూకంపం వచ్చిన గుజరాత్ భుజ్‌లో చేసినంత బలోపేతం ఇక్కడ చేయక్కర్లేదు, అలాగని పుట్టీ పెట్టి రంగేసుకుని కూర్చోవడమూ కుదరదు.

మొదటి కొన్ని వారాలు

ఈ టైమ్‌లో ఆప్షన్ ఒకటే, పోటీలు, అంటే ఆసరా కట్టెలు పెట్టడం. రిపేర్ కాదు. సర్వీ కట్టెలో, ఇనుప జాకీలో పెట్టి ఒరిగిన గోడనీ, దిగిన దూలాన్నీ నిలబెట్టాలి, ఎందుకంటే పెద్ద కుదుపు తర్వాత చిన్నవి వస్తూనే ఉంటాయి, ఒక్కోసారి అవి చిన్నవి కూడా కావు. ఇటలీలో అస్సీసీ ఊళ్ళో సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఉంది, 1997 సెప్టెంబర్ 26న రాత్రి ఒక భూకంపం వచ్చింది, పొద్దున నష్టం చూడటానికి లోపలికి వెళ్ళిన వాళ్ళ మీద రెండో కుదుపుకి కప్పు కూలి నలుగురు చనిపోయారు. అదే దేశంలో వెంజోనే చర్చి 1976 మేలో దెబ్బతిని నిలబడే ఉంది, సెప్టెంబర్‌లో మళ్ళీ వచ్చిన భూకంపాలకి కూలిపోయింది. కాబట్టి ఇల్లు మనదే కదా అని పెట్టెలు తీసుకురావడానికి లోపలికి దూరకండి, ఇంజినీర్ చూసేదాకా పెద్దవాళ్ళని పక్కింట్లో పడుకోబెట్టండి.

ఇంకోటి, కిందపడినదాన్ని ట్రాక్టర్‌కి ఎత్తేయకండి. చెక్కిన రాయి, టేకు దర్వాజ ముక్క, గచ్చు పువ్వుల పెచ్చులు, పాత సైజు ఇటుకలు అన్నీ ఏ గోడ దగ్గర పడ్డాయో ఆ గోడ పేరు రాసి పక్కన పెట్టండి, ఫోన్‌తో ఫొటోలు తీయండి. తర్వాత ఏ దారి ఎంచుకున్నా ఇవి కావాలి. అస్సీసీలో కప్పు మీది బొమ్మలు వేల ముక్కలైపోతే ఆ ముక్కలే ఏరి చాలావరకు తిరిగి అతికించారు, ఏరి పెట్టారు కాబట్టి అతికించగలిగారు.

నెర్రె ఏం చెప్తోంది

పై గచ్చులోనే వెంట్రుక మందం గీతలు అయితే వదిలేయండి, వర్షాకాలం ముందు సున్నం వేయించుకుంటే సరిపోతుంది. కిటికీకీ కిటికీకీ మధ్య గోడ మీద ఇంటూ మార్కులా ఏటవాలుగా పగిలితే గోడ పక్కకి లాగబడింది అని అర్థం, అది అసలైన భూకంపపు పగులు. రెండు గోడలు కలిసే మూల దగ్గర నిలువుగా, పైన వెడల్పుగా కిందికి సన్నగా తెరుచుకుంటే ఆ రెండు గోడలూ ఒకదాన్నొకటి వదిలేస్తున్నాయి, నా లెక్కలో ఇంటూ మార్కు కన్నా ఇది ఎక్కువ డేంజర్, ఎందుకంటే తర్వాతి కుదుపుకి గోడ మొత్తంగా బయటికి పడుతుంది. రాతి గోడ మధ్యలో పొట్ట వచ్చిందంటే లోపలి రాళ్ళ వరస, బయటి రాళ్ళ వరస విడిపోయాయి, మధ్యలో మట్టీ కంకరా జారుతోంది.

పాతదా కొత్తదా అని తేల్చుకోండి. లోపల దుమ్ము, బూజు, పాత రంగు కనిపిస్తే అది ఎప్పటి నుంచో ఉంది, భూకంపం మీదకి నెట్టొద్దు. అంచులు పదునుగా, లోపల తాజా ఇటుక రంగు కనిపిస్తే కొత్తది. పగులు మీద అడ్డంగా చిన్న గాజు పలక సున్నంతో అతికించి తేదీ రాసి పెడితే, అది విరిగిందంటే గోడ ఇంకా కదులుతోందని తెలుస్తుంది. చవకైన పద్ధతి, కానీ చాలామంది కాంట్రాక్టర్లకి ఇది నచ్చదు, పని మొదలుపెట్టడం లేటవుతుంది కాబట్టి.

సున్నమా సిమెంటా

అందరూ అడిగేది ఇదే, ఎక్కువ డబ్బులు పాడయ్యేదీ ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా చెప్తా.

సిమెంట్ వైపు ఉన్న పాయింట్లు నిజమైనవే. ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, ఏ మేస్త్రీకైనా వచ్చు, రేపటికి గట్టిపడుతుంది, బిల్లు తక్కువ. సున్నం అలా కాదు, రాతి సున్నం తెచ్చి చల్లార్చాలి, ఇసుకా సుర్ఖీ (ఇటుక పొడి) కలిపి గానుగలో నూరాలి, పాత మేస్త్రీలైతే బెల్లం నీళ్ళూ కరక్కాయ నానబెట్టిన నీళ్ళూ పోస్తారు, ఇంత చేసినా అది గాలి పీల్చుకుంటూ నెలల తరబడి నెమ్మదిగా గట్టిపడుతుంది. డంగు సున్నం సరిగ్గా కలిపే వాళ్ళు సిటీలో తక్కువ, ఉన్నవాళ్ళు గుడులు, కోటల పనుల్లో బిజీ.

అయినా పాత గోడకి నేను సున్నమే అంటా, సెంటిమెంట్ కోసం కాదు. పాత ఇటుక, పాత సున్నం మెత్తనివి, అవి కొంచెం కదిలి మళ్ళీ సర్దుకుంటాయి, సన్నని పగుళ్ళలోకి నీళ్ళు వెళ్ళినప్పుడు సున్నం కొద్దిగా కరిగి మళ్ళీ అక్కడే గడ్డకట్టి పగులుని పూడుస్తుంది కూడా. వాటి మధ్య గట్టి సిమెంట్ ముక్క పెడితే గోడ కదిలినప్పుడు ఆ ముక్క కదలదు, దాని అంచు పక్కన కొత్త పగులు వస్తుంది. ఇక చెమ్మ సంగతి, నేల నుంచి పైకెక్కే చెమ్మ సున్నపు గచ్చులోంచి ఆరిపోతుంది, సిమెంట్ పూత వేస్తే అది లోపలే ఇరుక్కుని ఉప్పు గడ్డలు కట్టి ఇటుకని పొరలు పొరలుగా రాల్చేస్తుంది, పైకి మాత్రం గోడ నున్నగా బాగుందనిపిస్తుంది. మూడు నాలుగు వర్షాకాలాలు గడిచాక ఆ సిమెంట్ పలకలా ఊడి వస్తుంది, దాంతో పాటు ఇటుక ముఖం కూడా వస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్ట్ వాళ్ళు చేసిన పనిలో పెద్ద భాగం ఇదే, గత శతాబ్దంలో వేసిన సిమెంట్ పొరలని ఒలిచి తీసేసి మళ్ళీ సున్నపు గచ్చు వేయడం. ఒకసారి వెళ్ళి చూడండి, గుమ్మటాల మీద పని దగ్గర్నుంచి చూస్తే సున్నంతో ఎంత నాజూకు పని చేయొచ్చో తెలుస్తుంది.

సిమెంట్‌కి నేను ఓకే చెప్పేది ఎక్కడంటే, ఇల్లు అసలు సిమెంట్‌తోనే కట్టిన ఇటుక ఇల్లు అయినప్పుడు. 1950ల తర్వాత కట్టినవి చాలావరకు అవే. వాటికి కిటికీల పైన, మూలల్లో వెల్డెడ్ మెష్ (ఇనుప జాలీ) బిగించి సిమెంట్‌తో పూత వేసి బెల్ట్‌లా చేసే పద్ధతి ఇటుక, రాతి ఇళ్ళ బలోపేతానికి ఉన్న ఐఎస్ 13935 కోడ్‌లో ఉంది, బాగా పనిచేస్తుంది, ఖర్చు కూడా భరించగలిగేదే. అదే పద్ధతిని పూల గచ్చు పని ఉన్న దేవిడీ గోడ మీద వేస్తే గోడ నిలుస్తుంది కానీ ఆ పనితనం మొత్తం పోతుంది, తర్వాత ఎవరికైనా బుద్ధి పుట్టి తీసేద్దామన్నా ఇటుకలు ఊడకుండా రాదు.

ఇనుప కడ్డీలు, కాంక్రీట్ బెల్ట్, స్లాబు

మూలలు వదిలేస్తున్న ఇంటికి నేను మొదట అడిగేది ఇనుప కడ్డీలే. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మిద్దె లెవెల్‌లో కడ్డీ దూర్చి, బయట రెండు వైపులా ప్లేట్లు పెట్టి నట్టు బిగిస్తారు, వదులైన పాత చెక్క పెట్టెకి చుట్టూ తాడు బిగించినట్టు. బరువు పెరగదు, గోడకి పడేవి కొన్ని రంధ్రాలే, రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే విప్పి తీసేయొచ్చు, వదులైతే మళ్ళీ బిగించుకోవచ్చు. బయట ప్లేట్లు కనిపిస్తాయని కొందరికి నచ్చదు, యూరప్‌లో వందల ఏళ్ళ ఇళ్ళకి అవి పువ్వుల్లా, నక్షత్రాల్లా కనిపిస్తూనే ఉంటాయి, నాకైతే దాచాల్సిన అవసరం కనిపించదు. తుప్పు పట్టని స్టీల్ వాడమని మాత్రం గట్టిగా చెప్పండి, మామూలు కడ్డీ తుప్పు పట్టి ఉబ్బితే రాయినే పగలగొడుతుంది.

కాంక్రీట్ బెల్ట్ వేసి, దూలాలు తీసేసి స్లాబ్ పోసేద్దాం అనే ఆఫర్ మన ఊళ్ళో ఎక్కువ వస్తుంది. దీంట్లో లాజిక్ వినడానికి బాగుంటుంది, పైన గట్టి మూత పెడితే గోడలన్నీ కలిసి ఉంటాయి అని. కానీ భూకంపం బలం బరువుని బట్టి ఉంటుంది, పైన ఎంత బరువు పెడితే గోడ మీద అంత తోపు. ఇటలీలో పాత రాతి ఇళ్ళకి చెక్క కప్పులు తీసి కాంక్రీట్ కప్పులు, బెల్టులు వేశారు, అప్పటి రూల్స్ కూడా అవే చెప్పాయి, తర్వాత 1997లో, మళ్ళీ 2016లో అమాత్రిచే ఊళ్ళో భూకంపాలు వచ్చినప్పుడు కింద బలహీనమైన రాతి గోడ పిండై పడిపోతే పైన కప్పు ఒక్క ముక్కగా దిగి కూర్చున్న ఇళ్ళు కనిపించాయి. కాబట్టి గోడ లోపల ఖాళీలు పూడ్చకుండా పైన స్లాబ్ వేయడం వద్దే వద్దు.

దూలాల మిద్దె అయితే దూలాలు ఉంచుకోండి. కుళ్ళిన చివర మాత్రం కోసి కొత్త టేకు ముక్క జోడించి బోల్టులు వేయించండి, దూలాన్ని గోడకి ఇనుప పట్టీతో కట్టించండి, చెక్కల మీద ఏటవాలుగా ఇంకో పొర చెక్కలు పరిచి మేకులు కొట్టిస్తే మిద్దె మొత్తం ఒకటిగా కదులుతుంది. పట్టాల మీద ఆర్చీల మిద్దెకి సమస్య వేరే, కుదుపుకి పట్టాలు దూరం జరిగితే మధ్యలో ఇటుకలు రాలిపడతాయి, అందుకని పట్టాలన్నిటినీ కింద నుంచి అడ్డంగా ఇనుప పట్టీలతో కలిపి వెల్డింగ్ చేస్తారు, చాలా తక్కువ పని, చాలా ఎక్కువ ఫలితం.

పొట్ట వచ్చిన గోడ

ఇక్కడ రెండు దారులు. పొట్ట కొంచెమే ఉండి, గాజు పలక విరగకుండా ఉంటే గ్రౌటింగ్ చేయించొచ్చు, అంటే గోడకి చిన్న పైపులు దూర్చి, కింది వరస నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తూ సున్నం కలిపిన పల్చటి ద్రవాన్ని తక్కువ ఒత్తిడితో ఎక్కించడం. ముందు నీళ్ళు పోసి లోపల తడపాలి, ఒత్తిడి ఎక్కువ పెడితే గోడ ఇంకా ఉబ్బి పగులుతుంది, కాబట్టి ఈ పని అలవాటు లేని వాళ్ళకి ఇవ్వకండి. దాంతో పాటు గోడ మందం మొత్తం దాటేలా అడ్డు రాళ్ళు పెట్టాలి. కిల్లారిలో మందపాటి రాతి గోడలు అంతలా కూలడానికి ఒక కారణం ఈ అడ్డు రాళ్ళు లేకపోవడమే, పైన మట్టి కప్పు బరువు ఇంకో కారణం. రాతి గోడల కోడ్ ప్రకారం ఇవి నిలువున 60 సెంటీమీటర్లకి ఒకటి, అడ్డంగా 1.2 మీటర్లు దాటకుండా ఉండాలి. ఇంట్లో ఉంటూనే, కొద్ది కొద్ది భాగంగా చేయించుకోవచ్చు.

పొట్ట బాగా వచ్చేసి గోడ తన మందంలో మూడో వంతు దాకా పక్కకి వాలిందా, అప్పుడు ఆ భాగం విప్పి అవే రాళ్ళతో మళ్ళీ కట్టడమే.

విప్పి కట్టడం, కొత్తగా కట్టడం, అలాగే ఉంచడం

ఇల్లున్న మనిషికి ఇవి మామూలుగా రావు, గుడి కమిటీలకి వస్తాయి కాబట్టి చెప్తున్నా. వెంజోనే చర్చి రాళ్ళు ఏరి, నంబర్లు వేసి, పాత ఫొటోలు చూసి ఏ రాయి ఎక్కడిదో కనుక్కుని కట్టారు, 1995లో మళ్ళీ తెరిచారు. మన దగ్గర వరంగల్ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపం కూడా అలాగే నంబర్లు వేసి 2000ల మధ్యలో విప్పితే 2024 మార్చిలో తెరిచారు. మీ కమిటీకి అన్నేళ్ళ ఓపిక, నిధులు, రాళ్ళు పెట్టుకునే జాగా ఉన్నాయా అన్నది ముందే తేల్చుకోండి. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన కట్టడాలకి ఈ పద్ధతి బాగా నప్పుతుంది, ఇటుకా గచ్చూ ఉన్నవాటికి అంతగా నప్పదు, విప్పితే గచ్చు పొడే మిగులుతుంది.

కొత్తగా కట్టడంలో కూడా తేడాలున్నాయి. 2015 భూకంపంలో ఖాట్మాండూలో ధరహరా స్తంభం, కాష్ఠమండపం అనే పాత కలప మండపం రెండూ కూలాయి. స్తంభాన్ని కాంక్రీట్‌తో కొత్త టవర్‌లా లేపి 2021లో ప్రారంభోత్సవం చేశారు. కాష్ఠమండపాన్ని మాత్రం స్థానికులు పట్టుబట్టి కలప, ఇటుక, మట్టితో పాత పద్ధతిలోనే కట్టుకున్నారు, తవ్వి చూస్తే కింద పునాది ఏడో శతాబ్దం నాటిదని, ఇంకా గట్టిగా ఉందని తేలింది. మన వైపు శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మేలో భూకంపం లేకుండానే కూలింది, కృష్ణదేవరాయలు 1516లో కట్టించింది, దాని చోట కొత్త గోపురం 2017లో పూర్తయింది. భక్తులకి గోపురం కావాలి, ఆ అవసరాన్ని నేను కాదనను, కానీ కొత్తదాన్ని పాతదే అని బోర్డు పెట్టకూడదు అంతే.

డబ్బు లేనప్పుడు అలాగే ఉంచడం కూడా ఒక ఆప్షనే, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ కెథడ్రల్ 2011 ఫిబ్రవరిలో దెబ్బతింటే పడగొట్టాలా బాగుచేయాలా అని ఏళ్ళ తరబడి కోర్టులూ గొడవలూ నడిచి, చివరికి బాగుచేద్దామని పని మొదలుపెట్టాక 2024లో నిధులు చాలక ఆపేశారు. అంత పెద్ద కట్టడానికే అలా అయితే మనమెంత. పోటీలు పెట్టి, పైకప్పు మీద రేకు వేసి, నీళ్ళు పోయే దారి చేసి తాళం వేస్తే పదేళ్ళయినా ఉంటుంది. సగం పని చేసి వదిలేసిన దానికన్నా ఇది నయం.

పర్మిషన్లు, మనుషులు

చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర రక్షిత కట్టడాలకి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. ఆ 100 మీటర్లలో ఉన్న పాత ఇంటి రిపేర్‌కి అనుమతి ఇస్తారు, కానీ పడగొట్టి కట్టుకుందాం అనుకుంటే దారి మూసుకుపోతుంది. అందుకని పాతబస్తీలో పడగొట్టే ఆలోచన ఉన్నవాళ్ళు ముందు దూరం కొలుచుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవాటికి 2017 తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తుంది. సలహాకి గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో భూకంప ఇంజినీరింగ్ సెంటర్ ఉంది, పాత కట్టడాల పరిరక్షణ చూసే ఇన్‌టాక్ సంస్థ హైదరాబాద్ చాప్టర్ ఉంది, మాసాబ్ ట్యాంక్‌లో ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ ఉంది. మామూలు స్ట్రక్చరల్ ఇంజినీర్‌ని పిలిస్తే పాత సున్నపు గోడ బలం ఎలా లెక్కేస్తారు సార్ అని అడగండి, కాంక్రీట్ లెక్కలే చెప్తే ఇంకొకరిని చూసుకోండి.

నన్నే అడిగితే మామూలు పాత ఇంటికి వరస ఇది: కారడం ఆపడం, దూలాల్ని గోడలకి కట్టడం, కడ్డీలు, సున్నం గ్రౌటింగ్, ఆఖర్న పై గచ్చు. పిట్టగోడలు, బాల్కనీ బ్రాకెట్లు, గచ్చు పువ్వులు వదులుగా ఉంటే వాటిని మాత్రం మొదటిరోజే కట్టేయించండి, చిన్న భూకంపంలో మనిషి ప్రాణం తీసేవి అవే. బడ్జెట్ సగమే ఉంటే మొదటి మూడూ చేసి ఆగిపోండి, ఇంటీరియర్ రంగుల జోలికి వెళ్ళొద్దు. అలాగే సున్నం పని ఏప్రిల్, మే ఎండల్లో పెట్టుకోకండి, తడి ఆరిపోయి పొడిలా రాలుతుంది, జోరు వానలో అసలే కుదరదు. జూన్ లోపు పైకప్పు సంగతి చూసుకుని, రాతి సున్నం తెప్పించి తొట్టిలో నానబెట్టి ఉంచుకుంటే దసరా దాటాక గోడల పని మొదలుపెట్టి సంక్రాంతికల్లా ఒక వైపు పూర్తి చేసుకోవచ్చు.